తేమ పది శాతం మించని నిమ్మకాయ

వెలిగొండపాడు నిమ్మ యార్డులో నిమ్మకాయల్లో నీళ్లున్నాయని అధికారికంగా తేలింది ఏప్రిల్ నెల రెండో సోమవారం, పొద్దున తొమ్మిదిన్నరకు. అంతకుముందు అరవై ఏళ్లుగా ఆ యార్డులో కాయలు కొని అమ్మినవాళ్లలో ఒక్కరికీ అది లోపమన్న సంగతి తెలియదు.

కనిపెట్టినవాడు యార్డు కార్యదర్శి సదాశివరావు. ఆయన చేతిలో కొత్తగా వచ్చిన తేమ మీటరు ఉంది. దానికున్న రెండు సూదుల్నీ కామాక్షమ్మ తోట కాయలో గుచ్చాడు. రసం చివ్వున చిమ్మి ఆయన కళ్లజోడు మీద పడింది. కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, అంకె చదివాడు.

"ఎనభై ఎనిమిది శాతం. మొదటి రకానికి అనుమతించిన తేమ పది శాతం. కావున డెబ్బై ఎనిమిది శాతం అధికం."

కామాక్షమ్మ సరుకు అమ్మిపెట్టే కమిషను వ్యాపారి చలువాది మస్తానయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఆ యార్డులోనే తలపాగా చుట్టుకున్న మనిషి. కోపానికైనా గిట్టుబాటు చూసుకోందే ఖర్చుపెట్టడు. ఇక్కడ కోప్పడితే తిరిగి వచ్చేదేమీ లేదని తేలింది కాబట్టి నవ్వాడు.

"సార్, నిమ్మకాయలో నీళ్లు తీసేస్తే మిగిలేది తొక్కే గదా?"

"సదరు నిబంధనలో తొక్క గురించిన ప్రస్తావన లేదు," అన్నాడు సదాశివరావు. కాయను అటూ ఇటూ తిప్పాడు. "రంగు ఎరుపు ఉండవలెను. ఇది పచ్చ. తొడిమ ఉండవలెను. లేదు. గింజ గలగలలాడవలెను." కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏమీ వినపడలేదు. ఆ సంగతి కూడా రాసుకున్నాడు.

రకం చీటీ లేనిదే లారీ గేటు దాటకూడదు. లారీలో మూడు వందల బస్తాలున్నాయి. ఏప్రిల్ ఎండలో బస్తాలో కట్టిన పచ్చికాయకు నాలుగు రోజుల ఆయుష్షు. మొదటి రోజు దాని పేరు సరుకు, నాలుగో రోజు దాని పేరు కంపు.

కామాక్షమ్మ బస్తాల మీదనే కూర్చుని ఉంది. ఆరెకరాల తోట ఒంటిచేత్తో నడిపే మనిషి. ఏ మాటనూ నానబెట్టి చెప్పడం ఆమెకు తెలియదు.

"శెట్టే, మూడేళ్లుగా ధరే లేదు. ఈ ఎండాకాలం కోతకే నాలుగు రాళ్లు కనపడతుండాయి. ఇది గూడా మట్టిలో పోతే చెట్లు కొట్టించి జామాయిల్ నాటుకుంటా. కంపెనీవోడు మొక్కలు ఊరికే ఇస్తానంటుండాడు. జామాయిల్లో నీళ్లెన్ని ఉండాయని ఎవుడూ సూది గుచ్చడు."

మస్తానయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. కామాక్షమ్మ చెట్లు కొట్టిందంటే పక్కనున్న తొమ్మిది తోటలవాళ్లూ ఆమె గొడ్డలినే అరువడుగుతారు. నిమ్మచెట్టు కాపుకు రావాలంటే నాలుగేళ్లు. కొట్టడానికి ఒక పూట. తోటలు లేని నిమ్మ వ్యాపారి కొబ్బరికాయ లేని పూజారి లాంటివాడు, గంట ఒక్కటే మిగులుతుంది.

"తొందరపడబాక కామాక్షమ్మా. ముందు జబ్బేందో తెలుసుకుందాం," అని కంప్యూటర్ గదికి నడిచాడు.

కంప్యూటర్ గదిలో ఉండేది గౌసియా. పన్నెండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్న మనిషి. ఏకవాక్కు అనే కొత్త పథకం కింద మార్కెట్ల శాఖ ఆమెను ఏడాది ఒప్పందం మీద ఇక్కడ పెట్టింది. జబ్బు ఆమెకు మూడు నెలల కిందటే అర్థమైపోయింది. యార్డులో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడెవరికీ చెప్పలేదు.

"ఇంతకుముందు ఏ యార్డు పుస్తకం ఆ యార్డుదే శెట్టిగారూ. మన పుస్తకంలో మొదటి రకమంటే మచ్చలేని పచ్చికాయ. మిర్చి యార్డు పుస్తకంలో మొదటి రకమంటే ఎర్రగా, తొడిమతో, పది శాతం లోపు తేమ ఉన్న మిరపకాయ. ఇప్పుడు పదిహేడు యార్డుల పుస్తకాలూ తెచ్చి ఒకే కంప్యూటర్లో పోశారు. పదిహేడింటిలోనూ మొదటి రకం ఉండాది. మొదటి రకమంటే ఏందని అడిగితే ఇది అన్నిటికంటే ముందు ఎక్కిన పుస్తకం తెరుస్తుంది. ముందు ఎక్కించింది మిర్చి యార్డు. దానికి వాళ్లకు షీల్డు కూడా ఇచ్చారు."

"మరి మందేంది?"

"మన ఊళ్లో మస్తానయ్యలు ఎంతమంది?"

"పోస్టుమాను లెక్క ప్రకారం పద్నాలుగు మంది."

"మీ ఉత్తరం మీకే ఎట్టా వస్తుండాది?"

"చలువాది అని ఇంటిపేరు ఉంటది గదమ్మా."

"అంతే. రకానికి ముందు యార్డు పేరు పెట్టాలి, ఇంటిపేరు మాదిరి. నిమ్మ యార్డు మొదటి రకం, మిర్చి యార్డు మొదటి రకం. ఎవురి జోలికి ఎవురూ పోరు. పది నిమిషాల పని."

"పెట్టెయ్ మరి! టీ తెప్పిస్తా."

"అనుమతి లేకుండా ఇందులో చుక్క కూడా మార్చకూడదు. మార్చమని నేను రాసి పంపి తొంభై రోజులైంది. నా ఉత్తరం కూడా మిర్చి యార్డుకే పోయిందేమో," అంది గౌసియా.

సదాశివరావు రాజధానికి ఫోను చేశాడు. రాజధానిలో విషయం ఎంత తీవ్రంగా తీసుకున్నారంటే, పది నిమిషాల పనికి అనుమతి ఇవ్వడానికి బదులు సంయుక్త సంచాలకులు ప్రభంజనరావు గారు మంగళవారం పొద్దున్నే స్వయంగా బయలుదేరి వచ్చారు.

ఆయన రాగానే షెడ్డులో సభ జరిగింది. మొదట మిగతా యార్డుల స్థితిగతులు చదివి వినిపించారు. కొబ్బరి యార్డులో కాయలు పగలగొట్టి నీళ్లు పారబోసి తూస్తున్నారు, ఫలితం ప్రోత్సాహకరంగా ఉంది. పశువుల సంతలో మూడు వందల గేదెల్ని తొడిమ లేని కారణంగా వెనక్కి పంపారు. ఒక గేదె ఎర్రగా ఉన్నందున దాన్ని నమూనాగా భద్రపరిచారు. దానికి మేత ఎవరు పెట్టాలన్న విషయం పరిశీలనలో ఉంది.

గౌసియా లేచి ఇంటిపేరు సంగతి చెప్పింది. ప్రభంజనరావు గారు కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"అమ్మా, మీ సూచన సాంకేతికంగా సరియైనదే కావచ్చును. కానీ ఏకవాక్కు పథకానికి ప్రాణం ఏమిటి? ఒకే పేరు, ఒకే అర్థం! రకానికి ఇంటిపేర్లు పెట్టుకుంటూ పోతే ప్రాంతీయ భావాలు పెచ్చరిల్లుతాయి. నేడు ఇంటిపేరు అంటారు, రేపు గోత్రం అడుగుతారు. అటుపిమ్మట ఒక రకానికి ఇంకొక రకం పక్కన కూర్చోవడానికి ఇష్టం ఉండదు. కాబట్టి లోపం కంప్యూటర్‌లో లేదు. నిమ్మకాయలో ఉంది. నిమ్మకాయ మారాలి."

"ఎట్టా మారాల సారూ?" అని అడిగింది కామాక్షమ్మ.

"శిక్షణ ద్వారా."

శిక్షణ ఇవ్వడానికి మిర్చి యార్డు నుంచి ఒక నిపుణుణ్ణి వెంటబెట్టుకునే వచ్చారు. ఆయన సిమెంటు కళ్లం మీద పట్టా పరిపించి, రెండు బస్తాల నిమ్మకాయలు పోయించి, కాయల మధ్య పాదాలు ఈడ్చుకుంటూ నడిచి ఎలా తిరగవెయ్యాలో చూపించాడు. ఇరవై రోజులు ఇలా తిప్పితే మిరపకాయ గలగలలాడుతుందని, నిమ్మకాయ అంతకంటే గుండ్రం కాబట్టి ఇంకా సులువుగా తిరుగుతుందని చెప్పాడు. రైతులచేత చప్పట్లు కొట్టించారు.

"ఇరవై దినాలు ఎండితే అది ఊరగాయకు గూడా పనికిరాదే!" అంది కామాక్షమ్మ.

"ఊరగాయ వేరే శాఖ," అన్నాడు సదాశివరావు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సంయుక్త సంచాలకులవారు మజ్జిగలో నిమ్మకాయ పిండుకున్నారు. "ఆహా, ఏం రసం! ఈ ప్రాంతపు మట్టి గొప్పతనం," అని రెండో చెక్క కూడా అడిగి పిండుకున్నారు. తేమ శాతం ప్రస్తావన అక్కడ రాలేదు. మస్తానయ్య మూడో చెక్క అందించి, చేతులు కట్టుకుని అడిగాడు.

"సార్, ఆ మొదటి రకమనే పేరు మిర్చి వాళ్లకే ఇచ్చెయ్యండి. మాకొద్దు. మాకు ఇంకేదన్నా పేరు ఇప్పించండి. పేరు ఏదైనా సరే, లారీ పోతే చాలు."

మజ్జిగ చలవ చేసిందో ఏమో, ప్రభంజనరావు గారు ప్రసన్నులయ్యారు. బుధవారం పొద్దున్నకల్లా ఉత్తర్వు వచ్చింది. ఏ పేరును ముందుగా నమోదు చేసినవారికి ఆ పేరు శాశ్వతంగా దఖలుపడుతుంది. మిగతావారు వరుసలో ఖాళీగా ఉన్న తర్వాతి అంకె పుచ్చుకోవాలి. అందరూ పుచ్చుకోగా నిమ్మ యార్డుకు నూట నలభై మూడు దక్కింది. అలా వెలిగొండపాడులో మచ్చలేని పచ్చికాయ, చెన్నపట్నం పంపే పెళ్లికూతురు లాంటి కాయ, నూట నలభై మూడవ రకం అయ్యింది.

చీటీ చేతికి రాగానే మస్తానయ్య చెన్నపట్నంలో సరుకు కొనే దొరసామి నాయుడికి ఫోను చేశాడు. రాతలో ఏముందో ముందే చెప్పడం ఆయన పద్ధతి.

"నూట నలభై మూడా?" అన్నాడు నాయుడు. "శెట్టిగారా, మీ నాయన కాలం నించీ కొంటుండాను. మూడో రకం పంపితేనే నా కూలోళ్లు ముక్కు మూసుకుంటారు. నూట నలభై రెండు రకాలు ఎవురికో అమ్ముకోని, అడుగున మిగిలింది నాకా?"

"అది పేరే నాయుడూ! కాయ అదే."

"మార్కెట్లో కాయ చూసేదానికి ముందు చీటీ చూస్తారు సామీ. ఆ చీటీతో లారీ వస్తే దించనియ్యను." ఫోను పెట్టేశాడు.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలైంది. మూడో రోజు. కింది బస్తాల్లో కాయ మెత్తబడడం మొదలైంది. పచ్చివాసనకు బదులు తియ్యటి వాసన వస్తోంది. నిమ్మ వ్యాపారికి అంతకంటే చేదు వాసన లేదు. కామాక్షమ్మ గొడ్డలికి పదును పెట్టించుకోవడానికి మనిషిని పంపింది. అది చూసి మస్తానయ్య సదాశివరావు దగ్గరకు పోయి, నిబంధనల పుస్తకం ఒకసారి ఇమ్మన్నాడు.

"చదువుతారా?" అని ఆశ్చర్యపోయాడు సదాశివరావు. ఆ పుస్తకం అంతవరకూ ఎవరూ అడగలేదు.

మస్తానయ్య షెడ్డు స్తంభానికి ఆనుకుని కూర్చుని, కొనబోయే తోటను చెట్టు చెట్టూ చూసినట్టు, ప్రతి పేజీ చూశాడు. నలభై ఒకటో పేజీలో ఆగాడు. రకం నిర్ణయించిన సరుకుకు చీటీ కావాలి. రకం నిర్ణయించని సరుకు యార్డులోనే ఉండాలి. తిరస్కరించిన సరుకును మాత్రం, పరిశుభ్రత దృష్ట్యా, ఆరు గంటల్లోగా యార్డు బయటకు పంపివెయ్యాలి. ఎక్కడికి అన్న మాట లేదు.

"సార్, నా సరుకును తిరస్కరించండి," అన్నాడు కార్యదర్శితో.

సదాశివరావుకు కళ్లు చెమర్చినంత పనైంది. నాణ్యత మీద శ్రద్ధ చూపాలని, నెలకు కనీసం ఒక తిరస్కరణ అయినా పంపాలని రాజధాని నుంచి రెండు హెచ్చరికలు వచ్చి ఉన్నాయి. అడిగి మరీ తిరస్కరణ పుచ్చుకునే వ్యాపారి ఆయనకు తగలడం ఇదే మొదలు. ఎర్ర ముద్ర వేశాడు. వేసి, "ఇట్టి సరుకును తక్షణమే తొలగించనిచో కఠిన చర్య తీసుకోబడును," అని బెదిరించాడు కూడా.

"భయపడే పోతుండాను సార్," అన్నాడు మస్తానయ్య. లారీ గేటు దాటింది.

నాయుడు తిరస్కృత సరుకు అన్న చీటీ చూసి ముందు తిట్టాడు, తర్వాత అందులో రకం అంకె ఏదీ లేదు కదా అని బస్తా విప్పాడు. నలభై బస్తాలు మెత్తబడిపోయాయి. మిగతాది అమ్మి, మర్నాడు ఫోను చేశాడు. "శెట్టిగారా, ఇంకో లోడు తిరస్కృతం ఉంటే పంపండి."

ఆ తర్వాత ఆరు వారాలు వెలిగొండపాడు నుంచి పోయిన ప్రతి కాయా తిరస్కృతమే. చెన్నపట్నంలో నిమ్మకాయ కొనేవాళ్లు "తిరస్కృతమేనా?" అని అడిగి మరీ కొన్నారు. ఎవడో మోసగాడు మామూలు కాయల మీద దొంగ ఎర్ర ముద్ర కొట్టి అమ్ముతూ దొరికాడు. కొబ్బరి యార్డువాళ్లు, పశువుల సంతవాళ్లు మనుషుల్ని పంపి మస్తానయ్యను సలహా అడిగారు. తర్వాతి వారం నుంచి ఆ సంతలో మంచి గేదెలన్నీ తిరస్కరించబడి, సంతోషంగా కొన్నవాళ్ల ఇళ్లకు చేరాయి.

రాజధానిలో లెక్కలు తీస్తే పదహారు యార్డుల్లో సరుకు నూటికి నూరు పాళ్లూ తిరస్కరణ. ముందు దీన్ని నాణ్యతా విప్లవం అని పత్రికలకు చెప్పారు. తర్వాత ఎవరో తెలివైనవాడు, తిరస్కరించిన సరుకు ఎందుకు ఇంత పలుకుతోందని అడిగాడు. మే నెల ఆఖరి వారంలో ప్రభంజనరావు గారి కొత్త ఉత్తర్వు వచ్చింది. తిరస్కృతం అనునది కూడా ఒక పేరే కనుక, దానికి కూడా ఒకే అర్థం ఉండవలెను. అన్ని యార్డులూ తమ తమ తిరస్కృతాలను ఏకవాక్కులో నమోదు చేయవలెను.

ముందు నమోదు చేసింది మిర్చి యార్డు. వాళ్లకు రెండో షీల్డు వచ్చింది.

సరిగ్గా ఆ మర్నాడే కామాక్షమ్మ తోట పెద్ద కోత వచ్చింది. ఏడాదికంతా పెద్ద కోత అదే. మళ్లీ మూడు వందల బస్తాలు లారీకి ఎక్కాయి. సదాశివరావు మీటరు, భూతద్దం, కొత్త ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. ఈసారి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని మరీ సూది గుచ్చాడు.

"తిరస్కరించవలెనంటే నల్ల బూజు ఉండవలెను. లేదు. రంగు వెలిసి తెల్లబడి ఉండవలెను. లేదు. పగిలి గింజ రాలవలెను. లేదు." కాయ కింద పెట్టాడు. "విచారకరం. ఈ సరుకు తిరస్కరణకు అర్హత పొందలేదు."

"మంచి కాయ మొదటి రకం కాదు, మంచిది గాబట్టి తిరస్కరించరు. దీన్ని ఏం చేసుకోమంటారు సార్?" అని అడిగాడు మస్తానయ్య. ఈసారి నవ్వలేదు. "ఆ నూట నలభై మూడైనా ఇయ్యండి. కాళ్లు పట్టుకోనైనా అమ్ముకుంటా."

"వాడనందున నెల దాటగానే రద్దయినది. ప్రస్తుతం అది కొబ్బరి పీచు."

కామాక్షమ్మ లారీ దిగింది. చెంగు దులుపుకుంది. "శెట్టే, నువ్వు చెయ్యాల్సింది చేశావు. నీ మీద నాకేం లేదు. జామాయిలోడు సాయంత్రం వస్తానన్నాడు. చెట్టుకు ఒక గొడ్డలి లెక్కన మనుషుల్ని మాట్లాడుకుంటా." ఆమె గొంతు గట్టిగానే ఉంది. చెంగు మాత్రం ఇంకా దులుపుతూనే ఉంది.

"ఒక్క గంట ఉండు," అని మస్తానయ్య కంప్యూటర్ గదికి పోయాడు. సదాశివరావు వెంట వెళ్లాడు, ఎందుకంటే యార్డు మొత్తంలో ఫ్యాను తిరిగేది ఆ ఒక్క గదిలోనే.

"అమ్మా గౌసియా, నా లారీలో ఉండే సరుకేందో దాన్నే అడుగు. అన్ని పేర్లూ పెట్టి అడుగు."

గౌసియా అడిగింది. మొదటి రకమా? కాదు. నూట నలభై మూడవ రకమా? పీచు కాదు. తిరస్కృతమా? కాదు. నిమ్మకాయా? నిమ్మకాయ అన్న పేరు మీద ఇప్పుడు ఏ రకమూ మిగల్లేదు. కంప్యూటర్ కొంతసేపు ఆలోచించి తెర మీద ఒక వాక్యం రాసింది. గౌసియా దాన్ని పైకి చదివింది.

"ఇట్టి సరుకు లేదు."

మస్తానయ్య ఆ మూడు మాటల్నీ నెమ్మదిగా లోపలే తూచాడు. తూకం తేలింది.

"సార్, ఏకవాక్కు చెప్పిందంటే అది శాఖ చెప్పినట్టేనా?"

"ఏకవాక్కు వాక్కే తుది వాక్కు," అన్నాడు సదాశివరావు, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

"అయితే ఆ మాట కాగితం మీద ఇప్పించండి. ముద్రతో."

కాగితం అడిగినవాడికి కాదనడం సదాశివరావు ఉద్యోగధర్మంలో లేదు. గౌసియా అచ్చు తీసింది. ఆయన ముద్ర వేశాడు. ఫలానా నంబరు లారీలో, చలువాది మస్తానయ్య పేరున, ఇట్టి సరుకు లేదు.

"మరి సరుకు లేని లారీని ఏమంటారు సార్?"

సదాశివరావు ఆలోచించాడు. కిటికీలోంచి లారీ కనిపిస్తోంది. తాళ్లు బిగించి కట్టిన బస్తాలు క్యాబిన్ కంటే రెండు మూరలు ఎత్తున ఉన్నాయి. ఆయన లారీని చూశాడు, చేతిలో కాగితాన్ని చూశాడు. లారీ మీద ముద్ర లేదు, కాగితం మీద ఉంది.

"ఖాళీ లారీ అంటారు," అన్నాడు.

"ఖాళీ లారీకి రకం చీటీ కావాలా?"

"ఖాళీ లారీకి చీటీ ఎందుకయ్యా!" అని విసుక్కున్నాడు సదాశివరావు. "ఊరికే దారికి అడ్డంగా పెట్టి నా ప్రాణం తీస్తున్నారు. ముందు దాన్ని బయటకు తీసుకుపోండి."

గౌసియా తెరవైపు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

గేటు దగ్గర కాటా మీద లారీ ఎక్కితే కాటాగుమాస్తా అంకె చూసి బెదిరాడు. మస్తానయ్య కాగితం చూపించాడు. గుమాస్తా కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి తల ఊపాడు. ఖాళీ లారీ బరువు ముప్పై టన్నులు అని గుమాస్తా పుస్తకంలో రాసుకున్నాడు. గేటు లేచింది. స్ప్రింగులు మూలుగుతుంటే ఖాళీ లారీ చెన్నపట్నం రోడ్డెక్కింది. గేటు దాటాక గతుకులో ఊగేసరికి ఒక కాయ జారి రోడ్డు మీద పడింది. సదాశివరావు వంగి దాన్ని తీసి, కాసేపు చూసి, లేని వస్తువును కింద వదిలెయ్యడం బాధ్యతారాహిత్యం అనుకున్నాడో ఏమో, జేబులో వేసుకున్నాడు.

కామాక్షమ్మ లారీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత మస్తానయ్య దగ్గరకు వచ్చింది.

"తూరుపు పక్క చెట్ల కాయ ఇంకా కొయ్యలా. ఎల్లుండికి ఎన్ని ఖాళీ బస్తాలు దించమంటావు, శెట్టే?"